పురం పద్దులు: పిల్లల పేరుతో ఒక్క పద్దు ఉందా?

పోయిన నెల ఈ శీర్షికలో ఇంటిపన్ను నోటీసు ఎలా చదవాలో రాశాను. ఏ గడిలో ఏముంటుంది, ఏప్రిల్‌లో ఏడాది మొత్తం ఒకేసారి కడితే 5 శాతం రాయితీ ఎలా వస్తుంది, ఇలాంటివి. ఉత్తరాలన్నీ రాయితీ గురించే వస్తాయనుకున్నాను. సగానికి పైగా ఆడవాళ్ల దగ్గర్నుంచి వచ్చాయి. వాళ్లడిగింది వేరు. "ఇంత పన్ను కడుతున్నాం కదా, పనికెళ్లే తల్లుల పిల్లల్ని చూసుకోవడానికి మున్సిపాలిటీ ఏం ఖర్చు పెడుతోంది? మా కుర్రాళ్లకు ఏం చేస్తోంది?" మున్సిపల్ అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేసి రిటైరైన మనిషిని. ఏటేటా ఎన్నో బడ్జెట్లు నా చేతుల మీదుగా వెళ్లాయి. కాబట్టి ఈ నెల జవాబులన్నీ దీని మీదే.

ప్రశ్న: అకౌంటెంటమ్మ గారూ, నేను వన్‌టౌన్‌లో బట్టల షాపులో చేస్తాను. పాపకి రెండున్నరేళ్లు. అంగన్‌వాడీ నాలుగింటికి మూసేస్తారు. నేను డ్యూటీ దిగేసరికి రాత్రి తొమ్మిది. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, పాప వెనక పరిగెత్తలేరు. కార్పొరేటర్ గారిని అడిగితే "అది మా పరిధి కాదమ్మా, ఐసీడీఎస్ వాళ్లది" అన్నారు. నిజమేనా? (పాఠకురాలు, విజయవాడ)

కాగితం మీద నిజమేనమ్మా. ఆ కాగితం సంగతే చెప్పాలి.

1993లో రెండు రాజ్యాంగ సవరణలు అమల్లోకి వచ్చాయి. ఒకటి పంచాయతీలకు, రెండోది పట్టణాలకు. పంచాయతీలు ఏమేం చూసుకోవచ్చో పదకొండో షెడ్యూల్‌లో 29 అంశాలు రాశారు. అందులో 25వది స్త్రీ, శిశు అభివృద్ధి. పట్టణాలకు పన్నెండో షెడ్యూల్ పెట్టి 18 అంశాలు ఇచ్చారు. రోడ్లున్నాయి, నీళ్లున్నాయి, శ్మశానాలున్నాయి, చివరికి కబేళాలు కూడా ఉన్నాయి. శిశువు మాత్రం లేదు. మీ ఇల్లు గన్నవరం అవతల ఏ పల్లెలోనో ఉంటే సర్పంచిని అడిగే హక్కు ఉండేది. బెజవాడలో ఉన్నారు కాబట్టి కార్పొరేటర్ గారు తప్పించుకోగలిగారు.

అయితే ఆయన జాబితా మొత్తం చదివినట్టు లేదు. బలహీన వర్గాల ప్రయోజనాలు కాపాడటం, మురికివాడల అభివృద్ధి, పట్టణ పేదరిక నిర్మూలన, విద్యా సాంస్కృతిక వికాసం, పార్కులు, ఆటస్థలాలు, ఇవన్నీ ఆ 18లోనే ఉన్నాయి. వాటిలో ఏదో ఒకటి పట్టుకుని కౌన్సిల్ తీర్మానం చేస్తే శిశు సంరక్షణ కేంద్రానికి డబ్బు కేటాయించొచ్చు. "పరిధి కాదు" అంటే "మాకు బలవంతం లేదు" అని అర్థం చేసుకోండి. అడ్డం ఏమీ లేదు.

ఇక అంగన్‌వాడీ. 1975 అక్టోబర్ 2న మొదలైన ఐసీడీఎస్ పథకం పిల్లలకు తిండి, టీకా, ఆటపాటల చదువు కోసం పుట్టింది. తల్లి పనిగంటలకు తగ్గట్టు పిల్లను చూసుకోవడం దాని పని కాదు. మూడేళ్లలోపు పిల్లలకు ప్రధానంగా ఇచ్చేది ఇంటికి పట్టుకెళ్లే సరుకే. రెండున్నరేళ్ల పాపను మీ టీచర్ నాలుగింటి దాకా కూర్చోబెట్టుకుంటోందంటే అది ఆవిడ మంచితనం. ఆవిడ మీద చిరాకు పడకండి.

పనిచేసే తల్లుల కోసం వేరే పథకం ఉంది. 2006లో ఒక పేరుతో మొదలై, 2017లో పేరు మారి, 2022 నుంచి "పాల్నా" అయింది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలకు, కేంద్రానికి 25 మంది చొప్పున. నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు. ఉన్న అంగన్‌వాడీనే క్రెష్‌గా, అంటే తల్లి పనిలో ఉన్నంతసేపు పిల్లల్ని చూసుకునే చోటుగా, కూడా మార్చొచ్చు. ఖర్చులో 60 శాతం కేంద్ర ప్రభుత్వానిది, 40 రాష్ట్రానిది. మీ వీధి అంగన్‌వాడీని అలా మార్చమని సీడీపీవోకి (అంగన్‌వాడీల పైఅధికారికి) రాయండి, తోటి తల్లుల సంతకాలు పెట్టించి. ఒకటి ముందే చెప్తున్నా: ఏడున్నర గంటలతో కూడా మీ రాత్రి తొమ్మిది గడవదు. సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది దాకా ఉండే ఆ ఐదు గంటల కోసం నాకు తెలిసినంతలో ఎవరూ పథకం రాయలేదు. మున్సిపాలిటీ పూడ్చాల్సిన ఖాళీ సరిగ్గా అదే. బజార్లు, షాపులు, షోరూములు పట్నంలో ఉన్నాయి కాబట్టి ఈ అవసరం కూడా పట్నానిదే.

ఇంకొకటి. మీ షాపులో ఎంతమంది చేస్తున్నారో లెక్కపెట్టండి. మగవాళ్లతో కలిపే. 50, అంతకు మించి ఉంటే యజమానే క్రెష్ వసతి ఇవ్వాలని 2017 ప్రసూతి ప్రయోజన సవరణ చట్టం చెప్పింది. రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోనివ్వాలని కూడా. 2020 సామాజిక భద్రత కోడ్‌లోనూ ఈ నిబంధన ఉంది. ఒక్క షాపే పెట్టనక్కర్లేదు, ఉమ్మడి వసతి అయినా చాలు. వన్‌టౌన్‌లో పక్కపక్కనే ఉన్న పెద్ద షాపులన్నీ కలిసి ఒక గది తీసుకుంటే చాలదా? వర్తకుల చాంబర్ వాళ్లు దీపావళి లైట్లకు కలుస్తారు కదా, దీనికీ కలవొచ్చు.

ప్రశ్న: మా అమ్మ పారిశుధ్య కార్మికురాలు. తెల్లవారుజామున ఐదింటికి మస్తరు దగ్గర ఉండాలి. మా అక్క కూడా అదే పని. అక్క కొడుకుకి ఏడాదిన్నర. నేను ఇంటర్ సెకండియర్. పొద్దున్న వాడిని నేనే చూసుకోవాలి, ఫస్ట్ అవర్ క్లాసు రోజూ పోతోంది. లెక్చరర్ అడిగితే ఏం చెప్పాలో తెలియక కడుపునొప్పి అంటున్నాను. (విద్యార్థిని, గుంటూరు)

తల్లీ, ఇకనుంచి కడుపునొప్పి అనకు. "మా అక్క ఊరు ఊడుస్తోంది, వాళ్ల పిల్లాడిని నేను చూసుకుంటున్నాను" అని చెప్పు. సిగ్గుపడాల్సింది నువ్వు కాదు.

మస్తరు పాయింట్లు నేను చాలా చూశాను. హాజరు పుస్తకం పోయి ముఖం చూసే యాప్ వచ్చింది గాని చీకట్లో పిల్లల సంగతి మారలేదు. తోపుడుబండిలో సంచి పరిచి పిల్లను పడుకోబెట్టి వీధి ఊడ్చే తల్లి ప్రతి ఊళ్లోనూ ఉంది. తొమ్మిదింటికి తెరిచే అంగన్‌వాడీ ఆవిడకు ఎందుకూ కొరగాదు. ఆ వేళకు ఆవిడ పని ముప్పాతిక అయిపోయి ఉంటుంది.

మున్సిపాలిటీని పథకాలు అడిగే ముందు యజమానిగా అడగాలి. పెద్ద మున్సిపాలిటీ ఏదైనా ఆ ఊళ్లో ఎక్కువ మందితో పని చేయించుకునేవాళ్లలో ఒకటి. ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్‌లో రోడ్ల పనికి, మట్టి తవ్వడానికి వెళ్లే మస్టర్ రోల్ (పర్మినెంట్ కాకుండా హాజరు పట్టీ మీద కూలి తీసుకునే) ఆడవాళ్లు ప్రసూతి సెలవు కోసం కేసు వేశారు. మేం పర్మినెంట్ వాళ్లకే ఇస్తాం అని కార్పొరేషన్ వాదించింది. 2000 మార్చి 8న సుప్రీంకోర్టు ఆడవాళ్ల పక్షాన తీర్పు చెప్పింది. రోజుకూలీ అయినా, మస్టర్ రోల్ అయినా ప్రసూతి ప్రయోజన చట్టం వర్తిస్తుందని. కడుపుతో ఉన్న మనిషి చేత బరువు పని చేయించి ఇంటికి పంపేస్తామంటే కుదరదని. తేదీ చూశావా, మహిళా దినోత్సవం రోజు. ఏటా ఆ రోజున మున్సిపల్ ఆఫీసుల్లో చీరలు, శాలువాలు పంచుతారు. ఈ తీర్పు కాపీ పంచినవాళ్లను నేను చూడలేదు.

2017లో క్రెష్ నిబంధన చేరింది ఆ చట్టంలోకే. మీ అమ్మలాంటి వాళ్లలో చాలామంది ఆప్కాస్ (ఔట్‌సోర్సింగ్ సిబ్బంది కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన సంస్థ) ద్వారా చేరినవాళ్లు. యజమాని కార్పొరేషనా, ఆప్కాసా అని ఆఫీసులో ఒక వాదన మొదలవుతుంది. ఆ వాదనలో మీరు దిగకండి. యూనియన్ వాళ్ల చేత ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం రాయించండి. ఉత్తరంలో ఒక్క మాటే: ప్రతి మస్తరు పాయింట్‌కు నడిచే దూరంలో తెల్లవారుజామున నాలుగున్నరకు తెరిచే ఒక గది, ఇద్దరు ఆయాలు, కాస్త పాలు. అదే వీధిలో కమ్యూనిటీ హాలు ఉంటుంది, పెళ్లిళ్లు లేని రోజు తాళం వేసి ఉంటుంది. ఎక్కడ ఉందో, ఏ రోజుల్లో ఖాళీగా ఉంటుందో నువ్వే రాసి యూనియన్‌కి ఇవ్వు. ఇంటర్ చదివే పిల్లవి, ఆ పని నీకు ఐదు నిమిషాలు.

ప్రశ్న: మా పేటలో అంగన్‌వాడీయే లేదు. రైలు పట్టాలు దాటి పిల్లల్ని పంపాలి. (గృహిణి, విశాఖపట్నం)

2006 డిసెంబర్ 13న సుప్రీంకోర్టు చెప్పింది: ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉండి అంగన్‌వాడీ లేని పల్లె గాని మురికివాడ గాని అడిగితే మూడు నెలల్లోపు పెట్టాలని. పిల్లల పేర్లు, వయసులు, ఇంటి నంబర్లు ఒక కాగితం మీద రాయండి. పట్టాలు దాటాలన్న సంగతి మొదటి వాక్యంలో పెట్టండి. సోమవారం కలెక్టరేట్ అర్జీల్లో ఇచ్చి రశీదు తీసుకోండి.

ప్రశ్న: మేడమ్, నేను శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉంటాను, మాది తాడేపల్లిగూడెం. ఇక్కడ పిల్లల కోసం నగర ఆదాయంలోంచి కొంత చట్టప్రకారం పక్కన పెడతారు. మా అబ్బాయి బడి అయ్యాక వెళ్లే కార్యక్రమం ఆ డబ్బుతోనే నడుస్తుంది. మన ఊళ్లో ఇలా ఎందుకు చేయరు? నాయకులకు మనసు లేకనా? (పాఠకుడు, శాన్‌ఫ్రాన్సిస్కో)

అక్కడా నాయకులు మనసు కరిగి ఇచ్చింది కాదు బాబూ. మీ ఊరి కథ నాకు చాలా ఇష్టమైన కథ, అందుకే కాస్త విస్తారంగా చెప్తాను, మన పాఠకులూ వింటారు.

1980ల చివర్లో ఆ నగరంలో బడ్జెట్ తెగ్గోసినప్పుడల్లా ముందు పిల్లల కార్యక్రమాలకే కత్తెర పడేది. పిల్లల కోసం పనిచేసే కోల్‌మన్ అడ్వొకేట్స్ అనే సంస్థ ప్రతి ఏడూ బడ్జెట్ సమావేశానికి వెళ్లి మొరపెట్టుకుని విసిగిపోయి, సంతకాలు సేకరించి, విషయాన్ని సూటిగా ఓటర్ల ముందు పెట్టింది. 1991లో ప్రపోజిషన్ జె అని ఓటింగ్ జరిగింది, నెగ్గింది. ఆస్తిపన్నులో ఒక నిర్ణీత భాగాన్ని పిల్లల నిధిగా విడదీయాలని నగర చార్టర్‌లోనే, అంటే ఆ ఊరి మూల చట్టంలోనే, రాసుకున్నారు. అమెరికాలో అలా చేసిన మొదటి నగరం అదే. 2000లో మళ్లీ ఓటేసి పొడిగించారు. 2014లో మూడోసారి. అప్పుడు ఆస్తి విలువలో ప్రతి వంద డాలర్లకు 3 సెంట్లుగా ఉన్నదాన్ని మెల్లగా 4 సెంట్లకు పెంచి, 25 ఏళ్లకు రాసేశారు. 18 నుంచి 24 ఏళ్ల మధ్య దారి దొరకని కుర్రకారును కూడా అందులో చేర్చారు. 2018లో ఇంకో అడుగు వేసి, వ్యాపార భవనాల అద్దె ఆదాయం మీద పన్ను వేసి ఆ డబ్బులో ఎక్కువ భాగం చంటిపిల్లల సంరక్షణకు ఇవ్వాలని ఓటేశారు.

ఇదంతా బావుంది. కానీ లెక్కలు చూసేదాన్ని కదా, నా కన్ను వేరే వాక్యం మీద పడింది. ఆ చట్టంలో ఒక నిబంధన ఉంది: పిల్లల కోసం నగరం అప్పటికే పెడుతున్న ఖర్చును తగ్గించి, ఆ ఖాళీని కొత్త నిధితో నింపకూడదు. ఆ వాక్యం రాసినవాళ్లు ఎవరోగాని జీవితంలో ఒక్కసారైనా మున్సిపల్ బడ్జెట్ తయారుచేసి ఉంటారు. కుడి జేబులోది తీసి ఎడమ జేబులో వేసి "చూశారా, కొత్తగా ఇచ్చాం" అనే విద్య అన్ని ఊళ్లలోనూ ఒకటే.

ఇక మన ఊరు. నాలుగు సెంట్ల లెక్కను అలాగే తెచ్చి మన దగ్గర పెడితే నడవదు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఏప్రిల్ నుంచి ఇంటిపన్ను ఆస్తి మూలధన విలువ (స్థలం, కట్టడం కలిపిన విలువ) మీద వేస్తున్నారు. నివాస ఇళ్లకు నూటికి 10 పైసల నుంచి 50 పైసల మధ్య రేటు. ఒక్కసారే మోయలేకుండా ఏడాదికి 15 శాతం దాటి పెంచకూడదని కట్టు. రేటు 13 పైసలు అనుకుంటే 40 లక్షల విలువైన ఇంటికి లెక్కప్రకారం 5,200 రూపాయలు. అందులో మీ ఊరి పద్ధతిలో వందకు 4 పైసలు తీస్తే 1,600. పన్నులో మూడోవంతు దగ్గర పిల్లలకే పోతే ఇక వీధి దీపాలు వెలగవు. మీ దగ్గర మొత్తం పన్ను విలువలో ఒక శాతం పైచిలుకు కాబట్టి అందులోంచి 4 సెంట్లు తీసినా నొప్పి తెలియదు.

మనం విలువ మీద కాకుండా వసూలైన పన్ను మీద తీసుకోవాలి. మాటవరసకు ఏడాదికి 10 కోట్లు పన్ను వసూలయ్యే ఊళ్లో 2 శాతం అంటే 20 లక్షలు. దాంతో ఏం వస్తుందో ఆఖరి ప్రశ్నకు జవాబులో లెక్క వేసి చూపిస్తాను.

మనసు సంగతి అడిగారు. కేరళలో 1996లో ప్రజా ప్రణాళిక మొదలైంది. స్థానిక సంస్థలు తమ ప్రణాళిక నిధుల్లో కనీసం 10 శాతం మహిళలకు, 5 శాతం పిల్లలకు, వృద్ధులకు, వికలాంగులకు పెట్టాలన్న నియమం అక్కడ స్థిరపడింది. పట్టణాలకు కూడా. అంగన్‌వాడీ భవనం, మరమ్మతు, అదనపు పోషకాహారం అక్కడ కౌన్సిలర్ మాట్లాడే విషయాలు. అక్కడివాళ్ల మనసు పెద్దదని కాదు. నియమం ఉంది, లెక్క అడిగేవాళ్లున్నారు. తాడేపల్లిగూడెం నుంచి త్రివేండ్రం రైల్లో వెళ్లొచ్చు, శాన్‌ఫ్రాన్సిస్కో దాకా వెళ్లనక్కర్లేదు.

ప్రశ్న: పన్ను నోటీసులో లైబ్రరీ సెస్ అని ఉంది. మా మనవడిని తీసుకెళ్దామంటే మా శాఖా గ్రంథాలయంలో పిల్లలకు చిన్న బల్ల కూడా లేదు. (రిటైర్డ్ టీచర్, రాజమహేంద్రవరం)

మాస్టారూ, పిల్లల నిధి అన్నది మనకు పరాయి ఆలోచన కాదని చెప్పడానికి మీ ఉత్తరం చాలు. 1960 గ్రంథాలయ చట్టం ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను వసూలు చేయమంది. ఇప్పుడు రూపాయికి 8 పైసలు. మున్సిపాలిటీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. అంటే ఒక పనికి పేరు పెట్టి, ఆ పేరుతోనే డబ్బు తీసుకుని, ఆ పనికే ఇవ్వడం అరవై ఏళ్ల కింద నేర్చుకున్నాం. ఇవ్వడమే కాస్త మర్చిపోతుంటాం. వసూలైన సెస్సు ఇతర ఖర్చుల్లో కలిసిపోయి బకాయిగా నిలిచిపోవడం చాలా ఊళ్లలో ఉన్నదే. మీ ఊళ్లో పోయిన మూడేళ్లలో ఎంత వసూలైంది, ఎంత జమైంది అని సమాచార హక్కు కింద అడగండి. రుసుము 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు రావాలి.

ఏటా నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు చేస్తారు, పిల్లల దినోత్సవం రోజునే మొదలు. ఆ మొదటి రోజు వేదిక మీద అందరూ ఉంటారు. బల్ల సంగతి అప్పుడు మైకులో అడగండి. మీరు టీచరు, గొంతు వినిపిస్తుంది.

ప్రశ్న: మా కాలనీ గ్రౌండ్‌లో ఏడాదిలో సగం రోజులు ఎగ్జిబిషన్, మిగతా సగం కార్ల పార్కింగ్. మేం క్రికెట్ ఆడదామంటే రోడ్డే గతి. యూత్‌కి కూడా బడ్జెట్ ఉంటదా? అడిగితే ఓపెన్ జిమ్ పెట్టినం కదా అంటున్నరు. (డిగ్రీ విద్యార్థి, కరీంనగర్)

తమ్ముడూ, ఆటస్థలాలు పన్నెండో షెడ్యూల్‌లో పేరు పెట్టి మరీ రాసి ఉన్నాయి. చంటిపిల్లల తల్లులకు చెప్పినట్టు "పరిధి కాదు" అని నీకు చెప్పడానికి వీల్లేదు. లేఅవుట్ వేసినప్పుడు ఖాళీగా వదిలి మున్సిపాలిటీకి అప్పగించిన స్థలమా, ప్రభుత్వ భూమా, ఎవరి సొంతమా అన్నది ముందు టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో తెలుసుకో. లేఅవుట్ ఖాళీ స్థలమే అయితే నీ చేతిలో బలమైన కాగితం ఉన్నట్టే. బెంగళూరులో పార్కుకు ఉంచిన స్థలాన్ని ఒక ఆసుపత్రికి ఇస్తే కాలనీవాళ్లే కోర్టుకు వెళ్లారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదని తేల్చింది. ఆసుపత్రికే కుదరనిది ఎగ్జిబిషన్‌కు ఎట్లా కుదురుతుంది?

తెలంగాణలో మీకు ఇంకో తలుపు ఉంది. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు: యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులు. ఒక్కోదాంట్లో 15 మంది. మీ వార్డు యువత కమిటీలో ఎవరున్నారో అడుగు. పేర్లు చూశాక, వాళ్లలో గ్రౌండ్‌కు వచ్చేవాళ్లు ఎందరో నీకే తెలుస్తది. నలభై దాటినవాళ్లు ఉంటే నవ్వకు, కాగితం మీద రాసి కమిషనర్‌కు పంపు.

ఓపెన్ జిమ్ మీద నాకూ ఒక మాట ఉంది. అది కొనుగోలు. ఒకసారి బిల్లు పాసైతే ఫైలు మూసేయొచ్చు. కోచ్‌ను పెట్టడం, సాయంత్రం లైట్లు వెలిగించడం, వేసవి శిబిరం నడపడం, ఇవి నెలనెలా ఖర్చు. ఆఫీసు వాళ్లకు ఇనుప సామాను అంటే ఉన్న ప్రేమ మనుషుల జీతాలంటే ఉండదు. దానికి కారణం కింద చెప్తున్నా.

ప్రశ్న: అపార్ట్‌మెంట్ కడుతున్న చోట పిల్లలు ఇసుక కుప్పల మీద ఆడుకుంటున్నారు. వాళ్ల తల్లిదండ్రులు మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లే. బిల్డర్‌ని ఏమైనా అనొచ్చా? (పాఠకురాలు, హైదరాబాద్)

అనొచ్చు. 1996లో వచ్చిన భవన నిర్మాణ కార్మికుల చట్టంలోనే, 50 మందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట ఆరేళ్లలోపు పిల్లలకు గది ఉండాలని రాశారు. యాభై కాకుండా నలభై ఐదు చూపించే తెలివి బిల్డర్లకు ఉంటుందనుకోండి. నిర్మాణ ఖర్చులో ఒక శాతం కార్మిక సెస్ కూడా ఉంది. ప్లాన్ అనుమతి ఇచ్చేటప్పుడే మున్సిపాలిటీ వసూలు చేసి కార్మిక సంక్షేమ బోర్డుకు పంపుతుంది. డబ్బు ఆ పిల్లల తల్లుల చెమట మీద వచ్చిందే. 1969లో ఢిల్లీలో గాంధీ శతజయంతి ప్రదర్శన కడుతున్న చోట దుమ్ములో పడున్న పిల్లల్ని చూసి మీరా మహదేవన్ ఒక గుడారంలో మొదలుపెట్టిందే మొబైల్ క్రెషెస్. పని ఎక్కడికి కదిలితే క్రెష్ అక్కడికి కదులుతుంది. మీ అపార్ట్‌మెంట్ సంఘం ముందు ఆ బిల్డర్‌తోనే మాట్లాడి, రెండు గదుల షెడ్ ఒకటి అడగండి. వినకపోతే కార్మిక శాఖకు రాయండి.

ప్రశ్న: మేం పొదుపు సంఘం వాళ్లం. మా వార్డులో క్రెష్ మేమే నడుపుతాం, డబ్బివ్వండి అంటే "ఫైనాన్స్ కమిషన్ డబ్బులు జీతాలకు వాడకూడదు" అన్నారు. అబద్ధమా? ఎలా అడగాలి? (సంఘం లీడర్, ఏలూరు)

అబద్ధం కాదు. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం (మీరన్న ఫైనాన్స్ కమిషన్) మామూలు పట్టణాలకిచ్చిన గ్రాంట్లలో 60 శాతం మంచినీళ్లు, పారిశుధ్యానికి కట్టేసింది. మిగతా 40 శాతం స్థానిక అవసరాలకు వాడొచ్చంది గాని జీతాలకు, ఆఫీసు ఖర్చుకు కుదరదంది. ఓపెన్ జిమ్ సంగతి ఇక్కడే తెలుస్తుంది: వస్తువు కొనొచ్చు, మనిషిని పెట్టుకోకూడదు. పిల్లల్ని చూసుకునేది మనుషులు. అయితే మీకు చెప్పింది సగమే. ఇంటిపన్ను, అద్దెలు, ఫీజులు వచ్చి పడే సాధారణ నిధి మీద ఆ కట్టు లేదు. చాలా బడ్జెట్ పుస్తకాల్లో స్త్రీ శిశు సంక్షేమం అని ఒక పద్దు కూడా కనిపిస్తుంది. ఏడాది చివర్లో అందులో ఎంత ఖర్చయిందో, దేనికయిందో అడగండి. కుట్టుమిషన్లు అని జవాబు వస్తుంది.

గది బాగు చేయడం, మరుగుదొడ్డి, సున్నం, నీళ్ల కుళాయి: వీటికి గ్రాంటు డబ్బు అడగండి. మనుషులకు, పాలకు సాధారణ నిధి అడగండి. రెండూ కలిపి ఒకే అంకె వేస్తే మొత్తం ఫైలు తిరిగొస్తుంది.

లెక్క ఇలా వేశాను, మీ ఊరి ధరలకు మార్చుకోండి. 25 మంది పిల్లలు. సంరక్షకురాలికి నెలకు 10,000, ఆయాకు 8,000. ఒక్కో పిల్లకు రోజుకు 20 రూపాయల పాలు, చిరుతిండి, 26 రోజులకు 13,000. గ్యాస్, సబ్బు, కరెంటు, మందుల పెట్టె 4,000. మొత్తం 35,000, ఏడాదికి 4,20,000. ఇందాక శాన్‌ఫ్రాన్సిస్కో బాబుకు చెప్పిన 20 లక్షలతో ఇలాంటివి నాలుగు నడిచి కాస్త మిగులుతుంది. ఆ జీతాలు తక్కువే, నాకూ తెలుసు. సంఘం ఆడవాళ్ల చేత సేవ పేరుతో చవగ్గా పని చేయించుకోవడం మన పథకాలకు అలవాటు. మొదటి ఏడాది దీంతో ఒప్పుకున్నా, రెండో ఏడాది పెంపు ఎంతో తీర్మానంలోనే రాయించండి.

వేళ ముఖ్యం. బడ్జెట్ అంచనాలు చలికాలంలో తయారై, మార్చి లోపు కౌన్సిల్ ముందుకు వస్తాయి. అజెండా అచ్చయ్యాక వెళ్తే మర్యాదగా కాఫీ ఇచ్చి పంపేస్తారు. నవంబర్, డిసెంబర్‌లలోనే మెప్మా (పట్టణ పొదుపు సంఘాలను చూసే ప్రభుత్వ సంస్థ) సిబ్బంది ద్వారా ఒక అర్జీ, నేరుగా కమిషనర్‌కు ఒకటి ఇవ్వండి. ఇన్‌వార్డ్‌లో ఇచ్చి మీ కాపీ మీద తేదీ ముద్ర వేయించుకోండి. వార్డు కౌన్సిలర్‌కు కాపీ ఇవ్వండి, ఎదుటి పార్టీ కౌన్సిలర్‌కు కూడా ఇవ్వండి. బడ్జెట్ సమావేశంలో ప్రశ్న అడగాల్సిన పని ఆయనదే, ఆయనకు సరుకు కావాలి. మరీ ఎక్కువ రాయకండి. ఒక పేజీ: ఏ గది, ఎంతమంది పిల్లలు, తల్లులు ఏ పనికి ఏ వేళకు వెళ్తారు, నెలకు ఎంత. సంతకాలన్నీ వెనక పేజీలో. మొదటి పేజీలో ఒక్కరి పేరు, పక్కన ఫోన్ నంబరు. ఆఫీసు నుంచి ఫోన్ వస్తే ఎత్తగలిగే మనిషిది అయి ఉండాలి, పగలు పనిలో ఉండి ఫోన్ ముట్టుకోలేని వాళ్లది వద్దు.